ఎముక లేని పగడాలు

పాలకాయతిప్ప దగ్గర సముద్రం నీలంగా ఉండదు. ఏడాదిలో ఎక్కువ రోజులు పాలు తక్కువ పడిన టీ రంగులో ఉంటుంది. కృష్ణమ్మ మోసుకొచ్చిన ఒండ్రు అలతో లేస్తూ, అలతో పడుతూ ఉంటుంది. హంసలదీవి నుంచి తీరం వెంట ఎంత దూరం నడిచినా కాలికి తగిలేది ఇసుక, అది దాటితే బురద, ఆ పైన మడచెట్ల వేళ్లు. రాయన్నది కనపడదు.

మా అన్నయ్య కొడుకు కోడూరు దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాడు. ఒకరోజు ఫోన్‌లో ఏదో వీడియో చూపించాడు. అద్దాల తొట్టి, నీలం వెలుగు, అందులో పచ్చగా, నారింజ రంగులో మెరుస్తూ ఊగే పగడాలు. "బాబాయ్, ఉప్పునీళ్లు మన గుమ్మం ముందే ఉన్నాయి కదా. నాలుగు బిందెలు తెచ్చి తొట్టిలో పోస్తే ఇవి పెరగవా?" అన్నాడు.

పెరగవు. అయితే ఎందుకు పెరగవో అర్థమైతే, ఇంట్లో ఏ పగడం పెరుగుతుందో కూడా తెలిసిపోతుంది. వాడికి చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మనకు పగడమంటే మంగళసూత్రంలో ముత్యం పక్కన గుచ్చే ఎర్రపూస, లేదా కుజదోషానికి వేలికి పెట్టుకునే రాయి. అది నిజానికి రాయి కాదు. మధ్యధరా సముద్రం లాంటి చోట్ల బతికే ఒక జంతువు తన ఒంటికి ఊతంగా కట్టుకున్న సున్నపు కాడ. ఆ జంతువు పేరు పాలిప్. వేలి గోరంత సంచి, పైన ఒక నోరు, నోటి చుట్టూ చేతుల్లాంటి స్పర్శకాలు. జెల్లీ చేపకు దగ్గర చుట్టం. జెల్లీ చేప తగిలితే ఒళ్లు మండించే కణాలే దీనికీ ఉంటాయి. ఒక పాలిప్ నుంచి పక్కనే ఇంకొకటి మొలిచి, అలా వందలు వేలు కలిసి బతికితే అది మన కంటికి ఒక చెట్టులాగా, పుట్టగొడుగులాగా, తివాచీలాగా కనిపిస్తుంది.

దీని ఒంట్లో ఇంకో కాపురం ఉంది. వెచ్చటి, లోతు తక్కువ సముద్రాల్లో పెరిగే చాలా పగడాల కణాల లోపల సూక్ష్మమైన నాచు బతుకుతుంది. ఎండలో అది తయారు చేసుకునే చక్కెరల్లో ఎక్కువ భాగం పగడానికే ఇచ్చేస్తుంది. కొన్ని జాతులకు కావలసిన శక్తిలో నూటికి తొంభై వంతుల దాకా అలా అందుతుంది. బదులుగా పగడం విసర్జించేది నాచుకు ఎరువవుతుంది. అందుకే పగడం పెంచడమంటే సగం పశుపోషణ, సగం వ్యవసాయం. మేత కన్నా ముందు వెలుగు చూడాలి.

ఇప్పుడు మన తీరం వైపు చూడండి. ఒండ్రు కలిసిన నీటిలో వెలుగు లోతుకు దిగదు. దిగిన చోట ఆ ఒండ్రే పాలిప్‌ల నోళ్ల మీద పేరుకుంటుంది. ఈదుతూ వచ్చే పగడపు పిల్ల ఒక గట్టి ఆధారం మీద అతుక్కుని స్థిరపడాలి, బురదలో దానికి చోటు లేదు. అన్నిటికీ మించి ఉప్పు నిలకడగా ఉండదు. వరదలప్పుడు ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తితే సాగరసంగమం దగ్గర సముద్రం సగం నదైపోతుంది. నైరుతి వానలు తగ్గాక గంగా బ్రహ్మపుత్రల మంచినీరు కూడా తీరాన్ని ఆనుకుని ఒక ప్రవాహంగా దక్షిణానికి దిగుతుంది. అందుకే మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో, అండమాన్ నికోబార్ దీవుల్లో, లక్షద్వీప్‌లో ఉన్నాయి. ఆంధ్ర తీరంలో రాతి అడుగున్న విశాఖపట్నం వైపు నీటిలోకి దిగిన వాళ్లకు అక్కడక్కడా పగడాలు కనిపిస్తాయి. పాలకాయతిప్ప ఉన్న దివిసీమ సముద్రానిది వేరే పని. మడల్లో రొయ్యపిల్లకు, మండపీతకు నీడనివ్వడం, గుడ్లు పెట్టవచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుకు ఇసుక చూపించడం. ఆ పని చిన్నదేమీ కాదు.

కాబట్టి తీరం నుంచి బిందెతో తెచ్చిన నీరు తొట్టికి పనికిరాదు. పోటుకు ఒక ఉప్పు, పాటుకు ఒక ఉప్పు. పైగా పొలాల్లో వేసిన ఎరువు, చెరువుల నుంచి వదిలిన నీరు మురుగుకాల్వల గుండా చేరేదీ అక్కడికే. తొట్టికి నీరు మనమే తయారు చేసుకోవాలి.

"అయితే కల్లుప్పు కలిపితే?" అన్నాడు వాడు. మంచి ప్రశ్నే. ఉప్పుమడుల్లో ఉప్పు పండేటప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకుంటే సమాధానం దొరుకుతుంది. సముద్రపు నీటిలో కరిగిన లవణాల్లో నూటికి 85 పాళ్లు సోడియం, క్లోరైడ్‌లే. మిగిలిన 15 పాళ్లలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్, బైకార్బనేట్ లాంటివి ఉంటాయి. మడిలో నీరు ఎండుతుంటే ముందు సున్నం, తర్వాత జిప్సం అడుగుకు చేరతాయి. అవి పోయాక తెల్లగా తేలేది మన ఉప్పు. ఆ ఉప్పు తోడేశాక మిగిలే చేదు నీటిలో మెగ్నీషియం ఉండిపోతుంది. అంటే కల్లుప్పు మొదటా చివరా తీసేసిన సముద్రం. వంటకు అదే మేలు, పగడానికి ఆ తీసేసినవే ప్రాణం. అందుకని అక్వేరియం దుకాణాల్లో సముద్రపు తొట్టికని ప్రత్యేకంగా అమ్మే ఉప్పునే వాడాలి. దాన్ని ఆర్వో నీటిలో కలపాలి. ఊళ్లో ఇరవై లీటర్ల క్యాన్లు నింపే ప్లాంటు నీరైతే ఒకసారి టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. తాగడానికి రుచిగా ఉండాలని కొంత లవణం మిగిల్చే ప్లాంట్లు చాలా ఉంటాయి. తొట్టికి అంకె సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది.

ఇక్కడి నుంచి మా వాడికి కొత్తగా నేర్పాల్సింది పెద్దగా లేకపోయింది. దేశంలో మరెక్కడా సగటు మనిషికి ఇంత నీటి రసాయనం తెలిసి ఉండదని నా నమ్మకం. మచిలీపట్నం నుంచి నాగాయలంక దాకా వనామీ రొయ్య వేసిన ఏ రైతునైనా అడగండి. సెలినిటీ ఎంత, పీహెచ్ పొద్దున ఎంత సాయంత్రం ఎంత, అమ్మోనియా ఉందా, ఆల్కలినిటీ పడిపోయిందా అని నిద్రలో లేపినా చెబుతాడు. పగడాల తొట్టికి అవే పరీక్షలు. ఉప్పు లీటరుకు 35 గ్రాములు, అంటే 35 పీపీటీ. పీహెచ్ 8.0 నుంచి 8.4. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం. మెగ్నీషియం 1300 దరిదాపుల్లో. ఆల్కలినిటీని మాత్రం అక్వేరియం వాళ్లు 'డీకేహెచ్' అనే వేరే కొలతలో చెబుతారు. ఒక డీకేహెచ్ మన ల్యాబ్ కాగితం మీద రాసే లెక్కలో దాదాపు 18 పీపీఎం. వాళ్లు ఎనిమిది ఉండాలంటే మన లెక్కలో 143 అన్నమాట. చెరువులో మనం కాపాడుకునే అంకెకు పెద్ద దూరం కాదు.

రొయ్య గుల్ల విడిచి కొత్త గుల్ల కట్టుకునేటప్పుడు నీటిలోని ఖనిజాలు లాక్కుంటుంది. చాలకపోతే గుల్ల మెత్తబడే లూజ్‌షెల్. అప్పుడు మినరల్స్ చల్లుతాం. గట్టి పగడం ఆ పనిని రొయ్యలాగా విడతలుగా కాక రోజూ చేస్తుంది. నత్తగుల్లల్లో ఉండే కాల్షియం కార్బనేటునే నీటి నుంచి పీల్చి పాలిప్ కింద పొర మీద పొర కడుతూ పోతుంది. వంద లీటర్ల తొట్టిలో అలాంటివి నాలుగు పెరిగితే ఆల్కలినిటీ రోజురోజుకూ జారుతుంది. రోజూ కొలవాలి, తగ్గినంత కలపాలి. రెండు రోజులు పెళ్లికి వెళ్లొస్తే అంకె పడిపోతుంది, కొమ్మల చివర్లు తెల్లబడతాయి. అనుభవమున్న వాళ్లు దీనికి మోటార్లు, డబ్బాలు అమర్చుకుంటారు. కొత్తవాడికి అదంతా ఎందుకు?

అందుకే మొదటి పగడం ఎముక కట్టనిది కావాలంటాను. మెత్తటి పగడాల ఒంట్లో కంటికి కనపడని సున్నపు రవ్వలు ఉంటే ఉంటాయి, కొన్నిటిలో అవీ ఉండవు. నీటిలోని కాల్షియం మీద వాటికి ఆరాటం తక్కువ. పదిహేను రోజులకోసారి నూటికి పది పదిహేను వంతుల నీరు మారిస్తే అందులో వచ్చేదే వాటికి చాలు.

ఈ మాటకే ఇంకో బలం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 2001లో పగడాలను మొదటి షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న జాబితా అది. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, తాకితే మండే ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ పగడం, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్లు అందులో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం, అనుమతి లేకుండా దగ్గరుంచుకోవడం నేరం. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు దాకా వెళ్తుంది. ఎండిన ముక్కకూ ఇదే వర్తిస్తుంది. వెనకటి రోజుల్లో రామేశ్వరం యాత్రకు వెళ్లిన వాళ్లు తెల్లటి పగడపు ముక్కలు తెచ్చి అద్దాల బీరువాల్లో పెట్టుకునేవారు. ఆ రామేశ్వరానికీ తూత్తుకుడికీ నడుమ ఉన్న 21 దీవుల చుట్టూ 1986లో సముద్ర జాతీయ పార్కు ఏర్పడింది. అక్కడ ఏళ్ల తరబడి పగడాన్ని తవ్వి సున్నం కాల్చారు. తవ్విన దిబ్బ మళ్లీ మునుపటి ఎత్తుకు పెరగడానికి మనిషి జీవితం చాలదు.

దుకాణంలో కొమ్ములు, మెదడు మడతలు, సుత్తి తలల ఆకారాల్లో గట్టి అడుగున్న పగడం చూపిస్తే ఎంత అందంగా ఉన్నా వెనక్కి ఇచ్చేయండి. మెత్తటిదైనా సముద్రం నుంచి పీకుకొచ్చింది వద్దు. ఎవరి తొట్టిలోనో పెరిగిన దాని నుంచి కోసిన ముక్క అడగండి, బిల్లు తీసుకోండి. అడుగున పేర్చడానికి కూడా సముద్రపు పగడపు రాళ్లు కాక మనుషులు చేసిన పొడి రాళ్లు వాడండి. మెత్తటి పగడాలతో మొదలుపెట్టమనడానికి రసాయనం ఎంత కారణమో చట్టమూ అంతే కారణం.

ఇక జాతులు. నన్నడిగితే మొదటిది మష్రూమ్ పగడం. డిస్కోసోమా దీని శాస్త్రీయ నామాల్లో ఒకటి. రాయికి అతుక్కున్న గుండ్రటి అప్పచ్చిలా ఉంటుంది. ఎముక అసలు లేదు. వెలుగు తక్కువైనా, నీటి కదలిక తక్కువైనా, నీటిలో నైట్రేట్ 10, 20 పీపీఎం ఉన్నా సర్దుకుంటుంది. నచ్చిన చోటికి అంగుళం అంగుళం జరుగుతుంది. జరిగిన దారిలో పాదం ముక్క వదిలితే ఆ ముక్క ఇంకో పగడమవుతుంది. అందరూ చిన్నచూపు చూసే ఈ జీవి సైన్సుకు చేసిన మేలు పెద్దది. 1999లో రష్యన్ శాస్త్రవేత్తలు అక్వేరియంలలో పెరిగే పగడాలను పరిశీలించి, డిస్కోసోమాలో వెలుగు పడితే ఎర్రగా మెరిసే ప్రొటీన్‌ను, దాని జన్యువునూ పట్టుకున్నారు. అంతకుముందు జెల్లీ చేప నుంచి వచ్చిన ఆకుపచ్చ ప్రొటీన్ ఉండేది. 2008 రసాయన నోబెల్ దానికి సంబంధించిందే. ఎరుపు కూడా దొరికాక ఒకే కణంలో రెండు విషయాలను రెండు రంగుల్లో చూడడం సులువైంది. ఈ రోజు ప్రపంచంలో ఎన్నో జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఆ ఎరుపు సంతతి ఉంటుంది. తొట్టిలో నీలం దీపం కింద మష్రూమ్ మెరుస్తుంటే మీరు చూసేది ఆ కుటుంబపు వెలుగునే.

రెండోది లెదర్ పగడం. సార్కోఫైటాన్ అయితే గొడుగులా, సినులేరియా అయితే వేళ్లలా పెరుగుతుంది. ముట్టుకుంటే తడి తోలు. పాలిప్‌లు విప్పుకున్నప్పుడు ఒక్కొక్కదానికి ఎనిమిది స్పర్శకాలు, ఈకల్లా. మంగళసూత్రంలోని ఎర్రపగడానికీ ఎనిమిదే. రెండూ ఒకే పెద్ద వంశం. దీనికి ఓ మోస్తరు వెలుగు, మీద పేరుకున్నది కొట్టుకుపోయేంత నీటి కదలిక కావాలి. ఒకటి తెలుసుకోవాలి. కదల్లేని జీవికి ఆయుధం రసాయనమే. లెదర్ పగడం టెర్పీన్ల వంటి పదార్థాలు నీటిలోకి వదిలి పక్కవాటి పెరుగుదలను అణిచేస్తుంది. అందుకే దాని చుట్టూ జానెడు జాగా వదిలి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి వేసి, నెలకోసారి మార్చాలి.

గ్రీన్ స్టార్ పాలిప్ పచ్చగడ్డి లాంటిది. గరిక ఎంత మొండిదో ఇదీ అంతే. అన్ని రాళ్లకూ పాకుతుంది కాబట్టి దూరంగా ఒంటరి రాయి మీద పెట్టండి.

జీనియాను చూస్తే పిల్లలు తొట్టి దగ్గర నుంచి కదలరు. దాని చేతులు రోజంతా గుప్పిట మూస్తూ తెరుస్తూ ఉంటాయి. నిలబడి బతికే జీవి ఇంత శ్రమ ఎందుకు పడుతుందన్నది చాలాకాలం తెలియలేదు. ఇజ్రాయెల్ పరిశోధకులు ఎర్ర సముద్రంలో దీని దగ్గరి చుట్టాన్ని చూసి 2013లో వివరించారు. ఒంట్లోని నాచు వదిలే ఆక్సిజన్ చుట్టూ పేరుకుంటే ఆహార తయారీ మందగిస్తుంది. ఈ గుప్పిటల కదలిక ఆ ఆక్సిజన్‌ను ఊడ్చేసి కొత్త నీటిని రప్పిస్తుంది. చెరువులో ఏరియేటర్ నీటిని తిప్పినట్టే, కాకపోతే ఇక్కడ ఆక్సిజన్‌ను వదిలించుకోవడానికి.

జోయాంథిడ్‌ల దగ్గర కొంచెం ఆగాలి. బొత్తాల్లాంటి చిన్న పూలు, లెక్కలేనన్ని రంగులు, మొండి ప్రాణం. కొత్తవాళ్లకు అందరూ ఇవే చూపిస్తారు, పెరగడమూ నిజమే. కానీ వీటిలో, ముఖ్యంగా దగ్గరి చుట్టమైన పాలిథోవాలో, పాలిటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. 1971లో హవాయిలో రిచర్డ్ మూర్, పాల్ షాయర్ దాన్ని వేరుచేశారు. ప్రకృతిలో తెలిసిన అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. మన ప్రతి కణం గోడలో సోడియంను బయటికి, పొటాషియంను లోపలికి తోడే పంపు ఉంటుంది. ఈ విషం ఆ పంపును తెరిచిన తూములా మార్చేస్తుంది. దానికి విరుగుడు లేదు. రాయి శుభ్రం చేద్దామని వేడినీళ్లు పోసి, ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రిలో చేరిన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు లేకుండా వీటిని కోయొద్దు. బ్రష్‌తో రుద్దొద్దు. రాయిని ఎప్పుడూ ఉడకబెట్టొద్దు. పాకే వయసు పిల్లలున్న ఇల్లైతే వీటిని ఈసారికి వదిలేయండి. మష్రూమ్ చాలు.

పగడం తేవడానికి ముందు తొట్టి పండాలి. నీరు పోసి, రాళ్లు పేర్చి, బాక్టీరియా స్థిరపడి అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చడం మొదలుపెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఇంకో నెల ఆగి పగడం పెట్టడం మంచిది. చేప కావాలనుకుంటే హేచరీలో పుట్టిన క్లౌన్ చేపను అడగండి. విళింజం, మండపంలలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రాలు వాటిని పిల్లలు పెట్టించే పద్ధతి ఎప్పుడో సాధించాయి. తొట్టికి నురుగు తీసే స్కిమ్మర్ పెడితే మేలు. గాలి ఉధృతంగా వీచిన రోజు పాలకాయతిప్ప ఇసుక మీద తెట్టులా నురుగు పడుతుంది కదా, నీటిలోని జిగురు మలినాలు బుడగలకు అంటుకుని పైకి తేలడమే అది. స్కిమ్మర్ ఆ పనే డబ్బాలో చేస్తుంది.

మన ప్రాంతంలో అసలు శత్రువు వేసవి. తొట్టి నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మచిలీపట్నంలో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నీరు 30 దాటి రోజులు గడిస్తే పగడం తన ఒంట్లోని నాచును బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. సముద్రాల్లో అదే జరుగుతోందని, ప్రపంచవ్యాప్తంగా ఇది నాలుగోసారి అని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఫ్యాను గాలి తగిలిస్తే నీరు ఆవిరై కొంత చల్లబడుతుంది, కానీ తీరపు ఉక్కలో ఆ లాభం తక్కువ. నీటిని చల్లబరిచే చిల్లర్ కొనే స్తోమత లేకపోతే ఏసీ ఉన్న గదిలో పెట్టాలి. అదీ వీలుకాకపోతే ఈ సరదా మానుకోవడమే ఆ జీవులకు మేలు. కరెంటు పోతే గంటల తరబడి నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి.

ఆవిరైపోయే నీటి గురించీ చెప్పాలి. నీరు పోతుంది, ఉప్పు పోదు. వంద లీటర్లలో ఐదు లీటర్లు ఆవిరైతే 35 పీపీటీ కాస్తా 37 దగ్గరికి చేరుతుంది. తగ్గినంత మేరకు ఉప్పు కలపని ఆర్వో నీరు పోయాలి. ఎండాకాలం చెరువుల్లో సెలినిటీ ఎలా ఎక్కుతుందో చూసిన వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

పగడం తెచ్చిన రోజు రొయ్యపిల్ల వదిలే రోజులాంటిదే. సంచిని నీటి మీద తేలించి వేడి సమం కానివ్వడం, ఆపైన తొట్టి నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి కలపడం. సంచి నీటిని తొట్టిలో పోయకూడదు. మొదట అడుగున, వెలుగు తక్కువ పడే చోట పెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పైకి జరపండి. దీపం నీలం పాలు ఎక్కువున్న ఎల్ఈడీ అయితే రోజుకు ఎనిమిది గంటలు చాలు. కిటికీ ఎండలో తొట్టి పెట్టొద్దు.

పెరిగిన పగడాన్ని ఏం చేయాలి? మందార కొమ్మ విరిచి పక్కింటికి ఇచ్చినట్టు ఇవ్వవచ్చు. లెదర్‌ను పదునైన బ్లేడుతో కోసి ముక్కను రాయికి కట్టేస్తే అంటుకుంటుంది. విసుగొచ్చిందని కాల్వలోనో సంగమంలోనో మాత్రం వదలొద్దు. వెనెజులా తీరంలో తొట్టెల నుంచి జారిపడ్డ జీనియా చుట్టం ఒకటి అక్కడి పగడాల మీదా సముద్రపు గడ్డి మీదా పరుచుకుని వాటిని ఊపిరాడనివ్వకుండా చేస్తోంది. మన బురద నీటిలో అది బతకదన్న ధీమా వద్దు. సముద్రానికి సరిహద్దు గట్లు లేవు.

మా వాడు రెండు మష్రూమ్‌లతో, ఒక గొడుగు లెదర్‌తో మొదలుపెట్టాడు. మూడో నెలలో ఒక రాత్రి ఫోన్. "బాబాయ్, లెదర్ పోయింది. ముడుచుకుపోయి నాలుగు రోజులైంది. పైన మైనం పొరలా ఏదో కట్టింది. తీసి పారేయనా?"

ఉప్పెంత, ఆల్కలినిటీ ఎంత అని అడిగాను. రెండూ సరిగ్గానే ఉన్నాయి. వాసన వస్తోందా అంటే లేదన్నాడు.

"రొయ్య గుల్ల విడిచేటప్పుడు ఏం చేస్తావురా?"

"కదిలించను."

"ఇదీ అదే పనిలో ఉంది. నీటి కదలిక కాస్త పెంచు, చెయ్యి పెట్టకు."

తొమ్మిదో రోజు పొద్దున వీడియో పంపాడు. పొర ముక్కలుగా ఊడి నీటిలో తేలిపోతోంది. కింద గొడుగు అంచంతా లేత పసుపు రంగులో పాలిప్‌లు విప్పుకున్నాయి. ఫోన్ దగ్గరగా పెట్టి తీసినట్టున్నాడు, ఒక్కొక్కదానికి ఎనిమిది చేతులు లెక్కపెట్టగలిగాను.